గోల్ఫ్ తొలి పాఠాలు: చేతి బలానికీ బంతి దూరానికీ నడుమ ఉన్న శాస్త్రం

విశాఖపట్నంలో సముద్రానికి చేరువగా ఎగుడుదిగుడు నేలమీద విస్తరించిన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884లో ఏర్పడింది. అంటే ఉత్తరాంధ్రలో ఈ ఆట ప్రవేశించి నూట నలభై సంవత్సరాలు దాటింది. అయినప్పటికీ బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, రాజాం వంటి పట్టణాలలో గోల్ఫ్ కర్రను చేతబట్టి చూసినవారు నేటికీ అరుదుగానే కనిపిస్తారు. కలకత్తాలో 1829లోను, బెంగుళూరులో 1876లోను వెలసిన క్లబ్బుల వలెనే విశాఖ క్లబ్బు కూడా దొరల పాలనాకాలంలో పుట్టినది కావడం వల్ల, ఆట చాలాకాలం ఆ ఆవరణల లోపలే ఉండిపోయింది. ఈ ప్రాంతంలో జనం ఆదరించిన శారీరక సాధన వేరు. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామశాల నడిపి, ఆ తరువాత సర్కస్ ప్రదర్శనలతో దేశమంతటా మల్లయోధుడిగా పేరుపొందారు. ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్య పతకం సాధించారు. బలాన్ని ఇంతగా గౌరవించే నేలమీద గోల్ఫ్ నేర్వబోయే వ్యక్తికి, కండలోని సత్తువ మొత్తం కూడదీసి కొట్టిన బంతి తరచు కాళ్ళ ముందే దొర్లిపోవడం మొదట్లో ఏమాత్రం మింగుడుపడదు.

దీనికి కారణం ఆట విచిత్రమైనది కావడం కాదు. బంతి కదలికను శాసించే భౌతిక నియమాలు మనిషి సహజ ప్రేరణలకు చాలా చోట్ల ఎదురుగా నిలవడమే. దూరం కావాలంటే పట్టు సడలించమని, బంతి పైకి లేవాలంటే కర్రను కిందికి దించమని, కుడివైపు వంగిపోతున్న బంతిని సరిచేయడానికి ఎడమవైపు గురిపెట్టవద్దని శిక్షకులు చెబుతారు. ఇవి ఉత్త ఆజ్ఞలుగా వినిపించినంత కాలం శరీరం వాటిని ధిక్కరిస్తూనే ఉంటుంది. ఒక్కొక్క సూచన వెనుక ఉన్న కారణం బోధపడితే సాధన సార్థకమవుతుంది కాబట్టి, తొలి పాఠాలను ఇక్కడ కారణాలతో జోడించి వివరించడం జరుగుతున్నది.

ఆట స్వరూపం క్లుప్తంగా ఇది. చదును చేసిన ఆరంభ స్థలమైన టీ నుంచి బంతిని కొట్టుకుంటూ పోయి, దూరంగా ఉన్న గ్రీన్ అనే నున్నటి పచ్చికలో తవ్విన 108 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రంలో, వీలైనంత తక్కువ దెబ్బలలో పడవేయాలి. టీకీ గ్రీన్‌కూ మధ్య కత్తిరించిన పచ్చిక దారిని ఫెయిర్‌వే అని, దానికి ఇరువైపులా ఏపుగా పెరిగిన గడ్డిని రఫ్ అని, ఇసుక నింపిన గుంతను బంకర్ అని పిలుస్తారు. ఇటువంటి రంధ్రాలు పూర్తి కోర్సులో పద్దెనిమిది. ఒక్కొక్కదానిని నిపుణుడు ఎన్ని దెబ్బలలో ముగించగలడో ఆ సంఖ్యను పార్ అంటారు, మొత్తం కోర్సుకు అది చాలా చోట్ల 72గా ఉంటుంది. ఆటగాడు తనవెంట పద్నాలుగు కర్రలకు మించి తీసుకువెళ్ళరాదు. ఆ కర్రలనే క్లబ్బులంటారు. వాటి మధ్య ముఖ్యమైన భేదాలు రెండు: కడ్డీ పొడవు, కొట్టే ముఖం వెనక్కు వాలిన కోణం. లాఫ్ట్ అని పిలిచే ఈ కోణం అతి పొడవైన డ్రైవర్‌కు పది డిగ్రీల ప్రాంతంలో ఉంటే, పలుచని లోహపు తల గల ఐరన్ క్లబ్బులలో ఏడవ నంబరుదానికి ముప్పై డిగ్రీలకు కొంచెం పైన, ఇసుకలో వాడే శాండ్ వెడ్జ్‌కు యాభై అయిదు డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. గ్రీన్ మీద బంతిని దొర్లించే పటర్‌కు మూడు నాలుగు డిగ్రీలు మించదు.

అన్నిటికంటే ముందు నేర్పవలసినది పట్టు. కుడిచేతి వాటం వారికి ఎడమచేయి పైన, కుడిచేయి కింద ఉంటాయి. కుడిచేతి చిటికెనవేలు ఎడమచేతి చూపుడువేలి మీద ఆనేలా పట్టుకోవడం ఒక పద్ధతి, రెండు వేళ్ళనూ పెనవేయడం మరొక పద్ధతి, పది వేళ్ళనూ కర్ర మీదనే ఉంచడం చిన్న చేతులవారికి అనువైన ఇంకొక పద్ధతి. ఏ పద్ధతిలోనైనా కర్ర జారిపోనంత గట్టిగా, మణికట్టు బిగుసుకోనంత మెత్తగా పట్టుకోవాలన్నదే నియమం. ఈ మెత్తదనానికి కారణాన్ని బ్రిటన్‌లో అలిస్టర్ కాక్రన్, జాన్ స్టబ్స్ తమ పరిశోధనల ఆధారంగా 1968లో ప్రచురించిన గ్రంథంలో విశదీకరించారు. గోల్ఫ్ ఊపును వారు రెండు లోలకాల జోడింపుగా చూశారు: భుజం నుంచి వేలాడే చేతులు పై లోలకం, మణికట్టు దగ్గర కీలు వంటి బంధంతో దానికి తగిలించిన క్లబ్బు కింది లోలకం. ఊపు కిందికి దిగేటప్పుడు మొదట క్లబ్బు చేతులకు దాదాపు లంబంగా మడిచినట్టుండి వాటితోపాటే తిరుగుతుంది; వేగం పెరిగేకొద్దీ క్లబ్బు తల వెలుపలికి పోవాలని చూస్తుంది, మణికట్టు అడ్డుపడకపోతే తనంతట తానే విచ్చుకుంటుంది. ఆ విచ్చుకునే క్షణంలో చేతుల వేగం తగ్గి, వాటిలోని గతిజశక్తి క్లబ్బు తలలోకి బదిలీ అవుతుంది. కర్రాబిళ్ల ఆడిన పిల్లవాడు గాలిలోకి లేచిన బిళ్లను కొట్టేటప్పుడు మణికట్టును చివరిక్షణంలో విదిలించడంలో ఉన్న కీలకం ఇదే. పిడికిలి బిగిస్తే మణికట్టు కీలు మూసుకుపోతుంది, రెండు లోలకాలూ ఒకే మొద్దు కర్రగా మారతాయి, శక్తి చేతులలోనే మిగిలిపోతుంది.

ఈ క్రమంలో నడుము కూడా పాలుపంచుకుంటుంది. మంచి ఊపు కిందికి దిగేటప్పుడు మొదట తుంటి తిరుగుతుంది, వెంట మొండెం, ఆ వెంట చేతులు, చిట్టచివర క్లబ్బు; ముందటి భాగం వేగం తగ్గుతుండగా వెనుకటి భాగం వేగం అందుకుంటుంది. కొత్తవారు సాధారణంగా ఈ వరుసను తలకిందులు చేసి, చేతులతోనే మొదలుపెడతారు. బరువులెత్తే క్రీడాకారులకు ఈ సంగతి అపరిచితమైనది కాదు: నేలమీది బరువును తలపైకి చేర్చేటప్పుడు కాళ్ళు, నడుము, భుజాలు వంతులవారీగా పనిచేయకపోతే ఎంతటి బలమైనా చాలదు.

దెబ్బ తగిలే క్షణం మరింత ఆసక్తికరమైనది. బంతి క్లబ్బు ముఖాన్ని తాకి ఉండే కాలం సెకనులో సుమారు రెండువేలవ వంతు. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 36 మీటర్ల చొప్పున వస్తున్న క్లబ్బు తల ఈ లోపల రెండు సెంటీమీటర్లు కూడా ముందుకు జరగదు. తాకిడి వల్ల పుట్టిన ప్రకంపన కడ్డీ గుండా చేతులకు చేరేసరికి బంతి ముఖాన్ని వదిలి వెళ్ళిపోయి ఉంటుంది కనుక, తాకిన తరువాత బలంగా తోయాలన్న ప్రయత్నానికి అర్థం లేదు. బంతి వేగాన్ని నిర్ణయించేవి తాకే ముందు క్లబ్బు తలకున్న వేగం, రెండింటి ద్రవ్యరాశులు, తాకిడి ఎంత స్థితిస్థాపకమైనదో తెలిపే గుణకం మాత్రమే. నియమాల ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. డ్రైవర్ తల బరువు రమారమి 200 గ్రాములు. గుణకానికి నియమావళి విధించిన హద్దు దాదాపు 0.83. ఈ అంకెలతో లెక్కిస్తే బంతి వేగం క్లబ్బు వేగానికి ఒకటిన్నర రెట్లకు మించదని తేలుతుంది. తల బరువును రెట్టింపు చేసి 400 గ్రాములకు పెంచినా, వేగం అంతే ఉంచగలిగితే, బంతి వేగంలో వచ్చే పెరుగుదల పది శాతం మాత్రమే. అంత బరువును అదే వేగంతో తిప్పడం ఎవరి తరమూ కాదు. బరువైన కర్రకూ, బలమైన చేతికీ ప్రకృతి విధించిన హద్దు ఇది. ముఖం నడిమధ్యన తగలని దెబ్బకు ఈ ఒకటిన్నర రెట్లు కూడా దక్కవు, ఎందుకంటే క్లబ్బు తల తాకిడితో పక్కకు తిరిగి కొంత శక్తిని తానే మింగేస్తుంది. ఈ కారణంగానే అనుభవజ్ఞులైన శిక్షకులు మొదటి నెలలలో దూరాన్ని గురించి మాట్లాడనివ్వక, నడిమధ్య తగలడాన్నే సాధన చేయిస్తారు.

బంతిని పైకి లేపే పని లాఫ్ట్ చేస్తుంది, చేయి చేయనవసరం లేదు. కొత్తవారు ఈ మాటను నమ్మలేక, బంతి కిందికి క్లబ్బును దూర్చి గోకినట్టు లేపబోతారు. ఫలితంగా క్లబ్బు ముందుగా నేలను తవ్వుతుంది, లేదా పైకి లేస్తూ బంతి నడినెత్తిని తాకుతుంది, బంతి దొర్లిపోతుంది. ఐరన్‌తో ఆడేటప్పుడు క్లబ్బు కిందికి దిగుతూ మొదట బంతిని, ఆ తరువాతే నేలను తాకాలి. వెనక్కు వాలిన ముఖం మీద బంతి జారుతూ, ఘర్షణ వల్ల వెనుకకు తిరగడం మొదలుపెడుతుంది. ముఖానికీ బంతికీ మధ్య గడ్డిగానీ మంచునీరుగానీ చేరితే ఘర్షణ తగ్గి ఈ భ్రమణం కూడా తగ్గుతుంది. డ్రైవర్ దెబ్బలో బంతి నిమిషానికి రెండున్నర నుంచి మూడు వేల చుట్లు తిరిగితే, నిపుణుల వెడ్జ్ దెబ్బలో తొమ్మిది పది వేల చుట్లు తిరుగుతుంది. డ్రైవర్ విషయంలో మాత్రం బంతిని చిన్న చెక్కపుల్ల మీద నిలిపి, ఎడమ మడమకు ఎదురుగా ఉంచి, క్లబ్బు పైకి లేవడం ఆరంభించే చోట తాకనిస్తారు.

ఈ వెనుక భ్రమణం లేకపోతే గోల్ఫ్ ఆట ఇప్పుడున్న రూపంలో ఉండేదే కాదు. సెకనుకు 52 మీటర్ల వేగంతో, 12 డిగ్రీల కోణంలో బయలుదేరిన బంతి గాలి లేని ప్రదేశంలో సుమారు 112 మీటర్ల దూరంలో నేలను తాకాలని పాఠశాల గణితమే చెబుతుంది. గాలి నిరోధిస్తుంది కాబట్టి అసలు దూరం ఇంకా తగ్గాలని ఎవరైనా అనుకుంటారు. వాస్తవంలో అదే బంతి మరో ముప్పై నలభై మీటర్లు ముందుకు పోగలదు. ఈ చిక్కుముడిని 1890ల దశకంలో విప్పినవాడు ఎడింబరో విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యుడు పీటర్ గత్రీ టెయిట్. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ 1896లోను, 1898లోను బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్‌గా నిలిచిన ఆటగాడు. తండ్రి లెక్కలకు ఇంటిలోనే ప్రయోగశాల దొరికినట్టయింది. వెనుకకు తిరుగుతున్న బంతి తన పైభాగం మీదుగా పోయే గాలిని వెనుక కిందివైపుకు మళ్ళిస్తుందని, గాలిని కిందికి నెట్టినందుకు ప్రతిచర్యగా బంతి పైకి నెట్టబడుతుందని, ఆ ఉత్థాపన బలమే బంతిని ఎక్కువసేపు గాలిలో నిలుపుతుందని ఆయన నిరూపించాడు. మాగ్నస్ ప్రభావంగా పేరుపొందిన ఈ విషయాన్నే ఎలక్ట్రాన్‌ను కనుగొన్న జె. జె. థామ్సన్ 1910లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసంలో సామాన్య శ్రోతలకు ప్రదర్శనలతో వివరించడం, ఆ కాలపు శాస్త్రవేత్తలు ఆటల పట్ల ఎంత శ్రద్ధ చూపారో తెలుపుతుంది.

బంతి మీది గుంటలు ఇదే కథలో రెండవ అంకం. 1848 ప్రాంతంలో ఈకలు కూరిన తోలు బంతుల స్థానంలో గట్టా పర్చా అనే చెట్టుపాలతో చేసిన నున్నటి బంతులు వచ్చాయి. కొత్త బంతి కంటే దెబ్బలు తిని గీతలుపడిన పాత బంతి నిలకడగా, దూరంగా పోవడం ఆటగాళ్ళు గమనించారు. తయారీదారులు సుత్తులతో బంతుల మీద కావాలనే గాట్లు పెట్టసాగారు. 1905లో ఇంగ్లండుకు చెందిన విలియం టేలర్ గుండ్రటి గుంటల బంతికి పేటెంట్ పొందాడు. కారణం మాత్రం సరిహద్దు పొర సిద్ధాంతం వచ్చాకగాని తేటపడలేదు. కదిలే బంతిని అంటిపెట్టుకుని ఒక పలుచని గాలిపొర ప్రవహిస్తుంది. నున్నటి బంతి మీద ఆ పొర మందకొడిగా, వరుసతప్పక సాగి, బంతి నడుము దాటీదాటకముందే ఉపరితలం నుంచి విడిపోతుంది, వెనుక వెడల్పైన అల్పపీడన ప్రాంతం ఏర్పడి బంతిని వెనక్కు లాగుతుంది. గుంటలు ఆ పొరను కల్లోలపరుస్తాయి. కల్లోలిత పొర బయటి వేగవంతమైన గాలి నుంచి శక్తిని అందుకుని ఉపరితలాన్ని మరికొంత దూరం అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి, వెనుకటి అల్పపీడన ప్రాంతం సన్నబడి, నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది. నేటి బంతులపై మూడువందల నుంచి అయిదువందల వరకు గుంటలుంటాయి. నున్నగా చేసిన బంతి, ఎంతటి నిపుణుడు కొట్టినా, గుంటల బంతి పోయే దానిలో సగం దూరం పోవడం కష్టం.

అదే భ్రమణం అక్షం వాలినప్పుడు ఆటగాడిని ఏడిపిస్తుంది. కొత్తగా నేర్చేవారిలో అత్యధికులను పీడించే స్లైస్, అంటే బంతి గాలిలో కుడివైపుకు వంగిపోవడం, క్లబ్బు ముఖం దాని ప్రయాణమార్గంతో పోలిస్తే కుడికి తెరుచుకుని ఉండటం వల్ల కలుగుతుంది. బంతి ఊపు మార్గాన్ని అనుసరించి బయలుదేరుతుందని, ముఖం దిశ వంపును మాత్రమే నిర్ణయిస్తుందని పాత పుస్తకాలు బోధించేవి. రాడార్‌తో బంతినీ క్లబ్బునూ కొలిచే పరికరాలు ఈ శతాబ్దపు ఆరంభంలో అందుబాటులోకి వచ్చాక, ఆరంభ దిశలో నాలుగింట మూడువంతులకు పైగా ముఖానిదే బాధ్యత అని, ముఖానికీ మార్గానికీ మధ్య తేడాయే వంపు అని స్థిరపడింది. ఇక్కడే కొత్తవారు ఉచ్చులో చిక్కుతారు: బంతి కుడికి పోతున్నదని వారు ఎడమకు గురిపెట్టి, ఎడమవైపుకు ఊపుతారు, ముఖం మాత్రం లక్ష్యం వైపే ఉంటుంది కాబట్టి తేడా మరింత పెరిగి బంతి మరింత వంగుతుంది. నివారణ పట్టులోనే ఉన్నది. ఎడమచేతిని కర్ర మీద కొంచెం కుడికి తిప్పి, పైనుంచి చూసినప్పుడు రెండు మూడు వేళ్ళ కణుపులు కనిపించేలా పట్టుకుంటే, తాకే క్షణానికి ముఖం తనంతట మూసుకుంటుంది.

ఉత్తరాంధ్ర వాతావరణం కూడా ఈ లెక్కలలో భాగమే. మే నెలలో 35 డిగ్రీల వేడి ఉన్న గాలి, 15 డిగ్రీల చల్లని గాలి కంటే ఆరేడు శాతం పలుచగా ఉంటుంది. ఉక్కపోత రోజున గాలి బరువెక్కి బంతిని ఆపుతుందని చాలామంది భావిస్తారు గాని, నీటి ఆవిరి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువులకంటే తేలిక కాబట్టి తేమగాలి పొడిగాలి కంటే పలుచనిది. ఆటగాడికి బరువెక్కేది ఒళ్ళు మాత్రమే. విశాఖ తీరాన మధ్యాహ్నం వేళ నేల వేడెక్కి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. ఎదురుగాలిలో బంతికి తగిలే సాపేక్ష వేగం పెరుగుతుంది, నిరోధమూ ఉత్థాపనా రెండూ ఎక్కువవుతాయి, బంతి పైకి ఉబ్బినట్టు లేచి నిలువునా పడిపోతుంది. అటువంటప్పుడు మరింత గట్టిగా కొట్టడం భ్రమణాన్ని పెంచి నష్టమే చేస్తుంది. తక్కువ లాఫ్ట్ ఉన్న క్లబ్బు తీసుకుని నెమ్మదిగా ఊపడం సరైన పద్ధతి.

వేడి దేశాల కోర్సులలో ఎక్కువగా పరిచే పచ్చిక, తెలుగువారు వినాయక చవితినాడు పూజకు కోసుకువచ్చే గరికే. సైనోడాన్ డాక్టిలాన్ అనే శాస్త్రీయ నామం గల ఈ గడ్డిని ఆఫ్రికాకు చెందిన దాని బంధువుతో సంకరపరచి, అమెరికాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో 1960ల దశకంలో విడుదల చేసిన టిఫ్‌వే, టిఫ్‌డ్వార్ఫ్ వంటి రకాలు ప్రపంచంలోని ఉష్ణప్రాంత కోర్సులలో విస్తారంగా వ్యాపించాయి. పొలంగట్ల మీద పశువులు మేసి, ఎడ్లబండ్లు తొక్కినా చావని గరిక ఓర్పు, ప్రతిరోజూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించినా బ్రతకగల గ్రీన్‌కు పనికివచ్చింది. గరిక నేలను పాకుతూ ఒక దిశలో వాలి పెరుగుతుంది. వాలు వెంట దొర్లే బంతి తొందరగాను, వాలుకు ఎదురు దొర్లే బంతి మందంగాను పోతాయి. నీటి సౌకర్యం లేని చోట భారతదేశంలో చాలాకాలం గ్రీన్‌లకు బదులు నూనె కలిపిన ఇసుకను చదునుచేసి బ్రౌన్‌లు అని పిలిచేవారు, కంటోన్మెంట్లలో వాటి మీద ఆట నేర్చినవారు ఎందరో ఉన్నారు. నీటి కరువు ఎరిగిన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వంటి చోట ఒక ఆటస్థలం ఏర్పరచాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, ఈ బ్రౌన్ పద్ధతిని మళ్ళీ తలచుకోవడం ఎంతైనా సమంజసం.

కొత్తవారు డ్రైవర్‌తో మొదలుపెట్టాలని తహతహలాడతారు గాని, నేర్వవలసిన వరుస రంధ్రం దగ్గర నుంచి వెనక్కు సాగుతుంది, ఎందుకంటే ఆటలో అతి చిన్న ఊపు పటర్‌ది, దెబ్బల సంఖ్యలో పెద్ద వాటా కూడా దానిదే. పటర్ తాకిన బంతి మొదట కొంత దూరం జారుతుంది. నేల ఘర్షణ వల్ల క్రమంగా దొర్లడం అందుకుంటుంది. జారడం పూర్తిగా దొర్లడంగా మారే సమయానికి దాని వేగం ఆరంభ వేగంలో ఏడింట అయిదు వంతులకు తగ్గి ఉంటుందని ఘనగోళాల యాంత్రికశాస్త్రం చెబుతుంది. రంధ్రం నడిమధ్యకు వచ్చిన బంతి అయినా సెకనుకు 1.6 మీటర్ల వేగం మించితే ఆవలి అంచును తాకి ఎగిరిపోతుంది. అంచు వైపుకు వచ్చే బంతికి ఈ హద్దు ఇంకా తక్కువ, అంటే వేగం పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతున్నట్టే. మరీ నెమ్మదిగా వచ్చే బంతిని గడ్డి, అడుగుల గుర్తులు పక్కకు మళ్ళిస్తాయి. అమెరికా అంతరిక్ష సంస్థలో భౌతికశాస్త్రవేత్తగా పనిచేసి గోల్ఫ్ శిక్షణకు మళ్ళిన డేవ్ పెల్జ్, రంధ్రంలో పడకపోతే 17 అంగుళాలు దాటి ఆగే వేగమే అత్యుత్తమమని ప్రయోగాలతో నిర్ధారించాడు.

బంకర్ పాఠం ఒక్క వాక్యంలో చెప్పదగినది: క్లబ్బు బంతిని తాకకుండా దాని వెనుక ఇసుకలోకి దిగి, ఇసుకే బంతిని బయటికి నెట్టేలా చూడాలి. 1930ల ఆరంభంలో జీన్ సారజెన్ రూపొందించిన శాండ్ వెడ్జ్ అడుగుభాగం ఇసుకలో కూరుకుపోకుండా తేలేలా ఉబ్బెత్తుగా ఉండటం ఇందుకే.

బొబ్బిలి వంటి పట్టణంలో ఉన్నవారికి పూర్తి కోర్సు నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నప్పటికీ, తొలి నెలల సాధనకు అది అడ్డంకి కానవసరం లేదు. ఒక పటర్, మూడు నాలుగు బంతులు, గచ్చుమీద పరిచిన జంపఖానా, దానిపై 108 మిల్లీమీటర్ల వ్యాసంతో కత్తిరించి ఉంచిన కాగితం చాలు. బంతి లేకుండా ఏడవ నంబరు ఐరన్‌తో నెమ్మదిగా ఊపుతూ, నేలమీద గీసిన ఒకే గీతను ప్రతిసారీ తాకడం పూర్తి ఊపుకు మొదటి మెట్టు. ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. సెకనుకు 52 మీటర్ల వేగంతో, గంటకు 187 కిలోమీటర్లు పోయే బంతి మనిషికి తగిలితే ప్రాణాపాయం కాబట్టి, జనసంచారం ఉన్న మైదానంలో నిజమైన బంతిని పూర్తి ఊపుతో కొట్టరాదు. రంధ్రాలున్న తేలికపాటి ప్లాస్టిక్ బంతులు అందుకోసమే లభిస్తాయి.

కోర్సుకు చేరినవారికి కేడీల నుంచి నేర్చుకోవడం ఉత్తమ మార్గం. సంచి మోస్తూ, ప్రతి వాలునూ కాళ్ళతో కొలిచిన ఈ శ్రామికుల నుంచే భారతీయ వృత్తి గోల్ఫ్ చాలావరకు పుట్టింది. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కేడీగా మొదలైనవారే. ఇక ఆటలో తన స్థాయి తెలుసుకోవడానికి హ్యాండీక్యాప్ అనే కొలమానం ఉన్నది. బలహీనుడు బలవంతుడితో సమానంగా పోటీపడేలా, నైపుణ్యాన్ని బట్టి ఇచ్చే దెబ్బల వెసులుబాటు ఇది. 2020లో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి అమలులోకి వచ్చి, స్త్రీపురుషులు ఇరువురికీ గరిష్ఠ హద్దును 54గా నిర్ణయించింది; పార్ 72 ఉన్న కోర్సును రమారమి 126 దెబ్బలలో ముగించే కొత్తవారికి కూడా చోటు దొరికేలా ఈ హద్దు పెట్టబడింది. మొత్తం 54 రంధ్రాలు ఆడి, తోటి ఆటగాడు ధ్రువీకరించిన స్కోరు కార్డులు సమర్పిస్తే తొలి హ్యాండీక్యాప్ లభిస్తుంది. ఆ తరువాత చివరి ఇరవై ఆటలలో ఉత్తమమైన ఎనిమిదింటి సగటును బట్టి అది మారుతూ ఉంటుంది.